దాత రక్తం ఎక్కించకుండా మా పాపకు గుండె ఆపరేషన్: తిరుపతిలో మా అనుభవం

ఆరేళ్ల మా పాపకు గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉంది. రంధ్రం చుట్టూ అంచు చాలకపోవడంతో, కోత లేకుండా రంధ్రాన్ని మూసే బటన్ లాంటి పరికరం వేయడం కుదరదని తేలి, తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. దాత రక్తం లేకుండానే ప్రయత్నిస్తామని సర్జన్ చెప్పినప్పుడు, పలమనేరు నుంచి రక్తదాతలను వెంటబెట్టుకుని వచ్చిన మాకు నమ్మకం కుదరలేదు. "ఒక్క చుక్క కూడా ఎక్కించరా సార్?" అని మా ఆవిడ అడిగితే, "ప్రయత్నిస్తామమ్మా, ప్రాణానికి అవసరమైతే మాత్రం ఆగం" అన్నారు. ఆ మాటే మాకు ధైర్యమిచ్చింది.

అసలు పని ఆపరేషన్‌కు ఆరు వారాల ముందే మొదలైంది. పాప హిమోగ్లోబిన్ 10.6 ఉండగా, ఐరన్ సిరప్‌ను పాలతో కాకుండా నిమ్మరసంతో, పళ్లకు మరక పడకుండా స్ట్రాతో తాగించమన్నారు. విరేచనం నల్లగా వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మొదటి వారం హడలిపోయాం. చివరికి 12.8కి చేరింది.

పదిహేను కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తం సుమారు 1,200 మిల్లీలీటర్లే. ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్ గొట్టాలను ముందుగా సెలైన్ వంటి ద్రవంతో నింపాలి కనుక, పెద్దవాళ్ల గొట్టాలే వాడితే రక్తం సగానికి సగం పలచబడుతుందని, ఆ యంత్రాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్ట్ కాగితంపై గీసి చూపించారు. అందుకే యంత్రాన్ని బల్ల పక్కకు జరిపి, సన్నని, కురచ గొట్టాలు బిగిస్తారు. కారిన రక్తాన్ని సెల్ సేవర్ అనే యంత్రంలో కడిగి మళ్లీ పిల్లకే ఎక్కిస్తారు. చివర్లో అదనపు నీటిని వడకట్టి తీసేస్తారు. ఐసీయూలో పరీక్షలకు కూడా చిటికెన వేలంత సీసాల్లో కొద్ది చుక్కలే తీశారు. 1960లలోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ అనే గుండె సర్జన్, మత విశ్వాసం వల్ల రక్తం వద్దన్న యెహోవా సాక్షులు అనే క్రైస్తవ వర్గం వారికి ఇలాంటి ఆపరేషన్లు చేశారట. అయితే మూడు కిలోల పసికందుకో, చిక్కైన లోపానికో ఇది అంత తేలిక కాదని సర్జనే స్పష్టంగా చెప్పారు.

ఆసుపత్రిలో మాకు నచ్చనిదంటే బిల్లింగ్ కౌంటరే. సెల్ సేవర్ కిట్ ఖర్చు ప్యాకేజీలో లేదని డిశ్చార్జి రోజు చెప్పడం ఏమాత్రం బాగాలేదు. రాబోయేవారు ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మంచిది.

ఇంటికి వచ్చే రోజు హిమోగ్లోబిన్ 9.6. మా పాప కోసం సిద్ధంగా ఉంచిన రెండు రక్తపు సంచులు వాడకుండానే బ్లడ్ బ్యాంకుకు తిరిగి వెళ్లాయి.