డిజిటల్ పేపర్ చందా: బ్యానర్ మీద ఒక ధర, ఖాతాలో ఇంకో కోత

ఏళ్ల తరబడి ఈ-పేపర్లకూ వెబ్ చందాలకూ డబ్బు కట్టాక తేలిందేమిటంటే, పైన పెద్దక్షరాల్లో మెరిసే ధర తొలి విడతది మాత్రమే. అసలు ధర చెల్లింపు పేజీ అడుగున, బూడిదరంగు చిన్నక్షరాల్లో, 'ఆ తర్వాత ఇంత చొప్పున రెన్యూ అవుతుంది' అన్న చోట దాక్కుని ఉంటుంది. చౌకో ఖరీదో ఆ అంకె చూసే తేల్చుకోవాలి.

మొబైల్ రీచార్జిలాగే ఇక్కడా 28 రోజుల లెక్కొకటుంది. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చి 28న పేవాల్ (డబ్బు కడితేనే చదవనిచ్చే అడ్డుగోడ) పెట్టినప్పుడే నాలుగు వారాలకు 15 డాలర్లని మొదలుపెట్టింది. అంటే ఏడాదికి 12 కాదు, 13 కోతలు. 99 రూపాయల చందా 1,188 అవుతుందనుకుంటే 1,287 అవుతుంది. ఆపైన పన్ను. అచ్చు పత్రికకు జీఎస్టీ లేదు, దాన్నే తెర మీద చదివితే 18 శాతం. ధరలో పన్ను కలపకపోతే ఆ 1,287 దాదాపు 1,519కి చేరుతుంది. పాత పేపర్లు కిలోల్లెక్కన అమ్ముకునే వీలూ లేదాయె! విదేశీ పత్రికకు డాలర్లలో కడితే చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం మార్కప్, అంటే అదనపు రుసుము వేస్తాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ.

ఈ-పేపరూ వెబ్‌సైటూ ఒకటేననుకుని కొనేవాళ్లు చాలామంది. చాలాచోట్ల అవి రెండు వేరే చందాలు. కట్టేముందు జిల్లా ఎడిషన్లు వస్తాయా, పాత సంచికలు ఎన్ని రోజులవి తెరుచుకుంటాయి, ఒకేసారి ఎన్ని ఫోన్లలో లాగిన్ కావచ్చు, పీడీఎఫ్ దించుకోనిస్తారా అన్నవి చూసుకోవాలి. తెలుగు పేపర్లలో ఇంకో చిక్కుంది. యూనికోడ్ కాని ఫాంట్లతో కట్టిన పేజీ పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేస్తే, అతికించిన చోట పిచ్చి గుర్తులు పడతాయి. అలాంటి పేజీల్లో తెలుగు పదం కొట్టి వెతికినా దొరకదు. పోటీ పరీక్షలకు నోట్సు రాసుకునేవాళ్లకు వెబ్ చందాయే నయం. పేజీని పేజీలా చూడాలనుకునేవాళ్లు ఈ-పేపర్ తీసుకుని ట్యాబ్‌లో చదవాలి. ఫోన్‌లో అయితే ప్రతి కాలమ్‌కీ వేళ్లతో సాగదీయడమే పని.

ఆటోపే సంగతి. 15,000 రూపాయల లోపు రెన్యువల్‌కు ఓటీపీ అడగరు, 24 గంటల ముందు మెసేజ్ వస్తుందంతే. అందులో పత్రిక పేరుకు బదులు పేమెంట్ గేట్‌వే పేరు ఉండొచ్చు, ఏదో ప్రకటన అనుకుని తుడిచేయకండి. యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే ప్రొఫైల్ బొమ్మ నొక్కి, చెల్లింపులు-సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి రద్దు చేయాలి. యూపీఐ అయితే అదే యాప్‌లో ఆటోపే విభాగంలో మ్యాండేట్ (డబ్బు దానంతటదే కోసుకోవడానికి మనమిచ్చిన అనుమతి) తీసేయాలి. కార్డు అయితే పత్రిక ఖాతాలో రద్దు చేసి, బ్యాంకు దగ్గర ఈ-మ్యాండేట్ కూడా ఆపాలి. ఒక్కచోట ఆపి ఊరుకుంటే రెండోది వేలాడుతుంది.

చేరడానికి ఒక్క నొక్కు చాలినా, మానడానికి ఫోన్ చేసి బతిమాలుకోవాల్సి వస్తే దాన్ని 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అంటారు. కొనేవాళ్లను మభ్యపెట్టే ఇలాంటి ఆన్‌లైన్ ఎత్తుల్ని 'డార్క్ ప్యాటర్న్స్' అంటారు. వాటిపై కేంద్రం 2023 నవంబరు 30న తెచ్చిన మార్గదర్శకాల్లోని 13 రకాల్లో అదొకటి. స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ముందు తమ ఊరి పబ్లిక్ లైబ్రరీ సైటు చూడాలి. చాలా లైబ్రరీలు కార్డు ఉన్నవాళ్లకు న్యూయార్క్ టైమ్స్ పాసులు ఉచితంగా ఇస్తాయి. గడువు తీరగానే మళ్లీ తీసుకోవాలి, ఖర్చు మాత్రం సున్నా.