బైలా కర్ర: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

షావొలిన్ (చైనాలో యుద్ధకళలకు పేరుపడ్డ బౌద్ధ గుడి) కర్రసాము చేసేవాళ్లకు, చైనా బల్లెం నేర్చుకునేవాళ్లకు బైలా కర్రను మించింది లేదు. ఇన్నేళ్లు వాడాక ఆ మాట గట్టిగానే చెప్తాను. కాకపోతే దొరికింది అసలుదై ఉండాలి.

అసలు బైలా కర్రను పలకలోంచి కోయరు. చైనాలో షాన్‌డాంగ్, హెనాన్ వైపు ఒక రకం యాష్ చెట్టును మొదలంటా నరికితే నిటారుగా లేచే పిలకలను కొట్టి, బెరడు ఒలిచి, ఆరబెడతారు. అందుకే మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది. నార ఈ చివరి నుంచి ఆ చివరికి తెగకుండా సాగుతుంది కాబట్టే బాగా వంచినా తేలిగ్గా విరగదు. అదే పేరుతో అమ్మే, పలక కోసి లేత్ యంత్రం మీద గుండ్రంగా చెక్కిన కర్రలకు రెండు చివర్లా ఒకటే మందం. వాటిలో నార మధ్యలోనే తెగి పక్కకు తేలుతుంది. నేలకు బలంగా కొడితే అక్కడే ఏటవాలుగా చీలుతుంది. మరచుట్టుతో కలిపే రెండు ముక్కల కర్ర కూడా వద్దు. అతుకు దగ్గర వంపు చచ్చిపోతుంది, కొన్నాళ్లకు మర వదులవుతుంది.

మామూలు కర్ర కనుబొమల ఎత్తు ఉంటే చాలు. 168 సెం.మీ. మనిషికి సుమారు 156. మొదలు 3 సెం.మీ., కొస 2 సెం.మీ. ఉంటే 600 గ్రాముల దగ్గర తూగుతుంది. కొనేటప్పుడు కొసను నేలకు ఆనించి నొక్కి చూడండి. వంపు విల్లులా సాఫీగా రావాలి. ఒక్కచోటే మడత పడుతుంటే అక్కడ చెక్క బలహీనమని అర్థం. చిన్న ముడులు ఎలాగూ ఉంటాయి, ఫర్వాలేదు. నల్లబడి గోటికి కదిలే ముడి ఉంటే మాత్రం వదిలేయండి.

సాధనకు వాడే పెద్ద బల్లెం గడ 3 మీటర్ల పైమాటే. ఈ చెక్క విలువ తెలిసేది దానితోనే. లాన్, నా, జా అని మూడే కదలికలు: కొసతో బయటికి ఒక సున్నా, లోపలికి ఒక సున్నా, ఆపైన పొడుపు. చేతులతో మాత్రమే తిప్పితే కొస ఊరికే ఊగులాడుతూ ఉంటుంది. మడమ నుంచి నడుం మీదుగా బలం వస్తే గడ ఒక్కసారి జల్లుమని వణికి ఠక్కున నిలుస్తుంది. గురువు పక్కన లేనప్పుడు తప్పొప్పులు చెప్పేది ఆ వణుకే. ‘కర్రకు నెల, కత్తికి ఏడాది, బల్లేనికి జీవితమంతా’ అని చైనా సాధకులు ఊరికే అనలేదు. 1561 ప్రాంతంలో షావొలిన్ వెళ్లిన మింగ్ రాజవంశపు సేనాని యూ దాయో అక్కడి కర్రసాములో పస తగ్గిందని గమనించి, ఇద్దరు సన్యాసులను వెంటబెట్టుకెళ్లి నేర్పించాడు. ఆ గుడిలోనే అలా జరిగిందంటే, రోజూ మూలం దగ్గరికి వెళ్లక తప్పదు. కొత్త వరసలు నేర్చుకోవడం కన్నా ఈ మూడు కదలికలకే ఎక్కువ సమయం ఇవ్వాలని నా అభిప్రాయం.

మన కర్రసాములో వాడే గట్టి వెదురు తిప్పుళ్లకు చక్కగా ఉంటుంది, కానీ పొడుపులో ఈ వణుకు రాదు.

వార్నిష్ ఉంటే గీకేయండి, చెమట చేతికి అంటుకుంటుంది. 120, ఆపైన 240 నంబరు ఎమరీ పేపర్‌తో నార వెంబడే రుద్ది, అవిసె నూనె పలచగా పట్టించి, పావుగంటయ్యాక తుడిచేయాలి. మొదటి నెల వారానికోసారి, తర్వాత వానాకాలం ముందొకసారి, చలికాలం మొదట్లో ఒకసారి చాలు. కొబ్బరి నూనె ఆరదు, జిడ్డు మిగులుతుంది. నూనె గుడ్డలను ముద్దగా పడేయకండి, వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

మన ఎండలకు ముందు పగిలేవి రెండు చివర్లే. వాటికి నూనె రెట్టింపు పట్టించాలి. గోడకు వాలిస్తే నెలలో వంగిపోతుంది. కొసకు తాడు కట్టి వేలాడదీయడం మేలు. ఈ చెక్కకు పుచ్చు పురుగు భయం కూడా ఉంది. సూది బెజ్జాల నుంచి మెత్తటి పొడి రాలుతుంటే దాన్ని మిగతా కర్రల నుంచి వేరు చేసి, జోడీ సాధనకు వాడటం మానేయండి.

జోడీగా కర్రలు తాకించే ప్రతి సాధనకు ముందు పాత నూలు గుడ్డతో మొదలు నుంచి కొస దాకా ఒకసారి తుడవండి. పేడు లేచిన చోట గుడ్డ దారం పట్టుకుంటుంది. పైపైన ఉంటే ఎమరీతో పోతుంది. గోరు దిగేంత లోతుంటే ఆ కర్రతో ఒంటరి సాధన మాత్రమే చేయాలి.