స్ప్రింగ్ గన్నా, పీసీపీనా: మొదటి ఎయిర్‌గన్‌గా ఏది మేలు?

నల్లటి ప్లాస్టిక్ బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉంటే మోడ్రన్, చెక్క బట్ ఉంటే పాతకాలం అనుకుని కొనేవాళ్లు చాలామంది. బట్ దేనితో చేశారన్నది పైపై తేడా. అసలు చూడాల్సింది పెల్లెట్‌ను, అంటే ఆ చిన్న గుండును, తోసే గాలి ఎక్కడి నుంచి వస్తోందని.

తిరునాళ్లలో బుడగలు పేల్చే తుపాకీ చూసే ఉంటారు, అదే స్ప్రింగ్ గన్. దాని గొట్టం వంచినప్పుడే లోపల స్ప్రింగ్ ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలికి పెల్లెట్ దూసుకుపోతుంది. 'గ్యాస్ ర్యామ్' అని గొప్పగా అమ్మేవీ ఈ జాతివే. స్ప్రింగ్ స్థానంలో గ్యాస్ ఉంటుంది, అంతే. పీసీపీ (ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్)లో గాలిని ముందే, చాలా మోడళ్లలో 200 బార్ల ఒత్తిడి దాకా, సిలిండర్‌లో నింపి ఉంచుతారు. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ ఒక్క క్షణం తెరుచుకుంటుంది.

తమాషా ఏమిటంటే, మోడ్రన్ అనుకునే ఈ పద్ధతే పాతది. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం గిరార్డోని ఎయిర్ రైఫిల్ వాడింది. దాని బట్టే గాలి డబ్బా. నింపాలంటే దాదాపు 1500 సార్లు పంపు కొట్టాలట! స్ప్రింగ్ తుపాకులు జనంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో.

చేతిలో పట్టుకుంటే అసలు తేడా తెలుస్తుంది. స్ప్రింగ్ గన్ పేలినప్పుడు మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికి చేరగానే ముందుకు కుదుపుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఇదంతా మొదలైపోతుంది. అందుకే దాన్ని బిగించి పట్టుకోకూడదు. ముందు భాగాన్ని తెరిచిన అరచేతిలో ఊరికే ఆనించి, బట్‌ను భుజానికి తేలిగ్గా తాకించి, ప్రతిసారీ చెయ్యి అదే చోట పెట్టాలి. రెండంగుళాలు జరిగినా గురి మారొచ్చు. జర్మనీవాళ్ల ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్‌లో ఈ కుదుపు తెలియకుండా యంత్రభాగం మొత్తం పట్టాల మీద వెనక్కి జారేలా చేశారు. చెక్క బట్టే, స్ప్రింగే, కానీ బుర్ర మాత్రం మోడ్రన్.

పీసీపీకి ఈ బాధ దాదాపు లేదు. గురి తప్పితే తప్పు చాలావరకు మనదే. కానీ దాని టెన్షన్ దానికుంది: ఓ-రింగ్ (గాలిని ఆపే రబ్బరు రింగు) అరిగితే గాలి కారుతుంది, రెగ్యులేటర్ (ప్రెషర్‌ను ఒకేలా ఉంచే భాగం) లేకపోతే ప్రెషర్ తగ్గేకొద్దీ పెల్లెట్ వేగం మారుతుంది, చేతి పంపుతో నింపితే చొక్కా తడుస్తుంది. సిలిండర్, పంపు ఖర్చు అదనం.

పిల్లలు 10 మీటర్ల పోటీల వైపు వెళ్లేలా ఉంటే పీసీపీయే నేర్పించండి. అభినవ్ బింద్రా 2008లో స్వర్ణం, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో కాంస్యం గెలిచిన ఒలింపిక్ ఈవెంట్ అది. ఇప్పుడక్కడ స్ప్రింగ్ గన్ కనిపించదు. సరదాకి, సురక్షితమైన చోట టార్గెట్ కొట్టడానికైతే నా ఓటు స్ప్రింగ్ గన్‌కే. పెల్లెట్ డబ్బా ఉంటే చాలు, ఇంకే సరంజామా అక్కర్లేదు. పెల్లెట్ పెట్టకుండా మాత్రం పేల్చకండి, పిస్టన్ నేరుగా లోపలి గోడకు గుద్దుకుని సీల్ పాడవుతుంది.

ఏది కొన్నా 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటుతోందేమో చూసుకోండి. రెండిట్లో ఏది దాటినా మన దేశంలో లైసెన్స్ కావాలి. పీసీపీల్లో 5.5 మిల్లీమీటర్లవి చాలానే ఉంటాయి.