అనంతపురంలో గానుగ నూనె కొనేవాళ్లు బోర్డు చూసి మోసపోకండి

అనంతపురంలో 'కట్టె గానుగ' బోర్డు పెట్టుకున్న ఒక అంగట్లో అమ్ముతున్న ఐదు లీటర్ల శనగనూనె డబ్బా గురించి ఈ హెచ్చరిక. ముందర గానుగ తిరుగుతూనే ఉంటుంది, డబ్బాలు మాత్రం వెనక గదిలోంచి వస్తాయి. బోండాలు వేస్తే నురగ రాలేదు. డబ్బా అడుగున మడ్డి చుక్క కూడా లేదు. మూత తీయగానే వేయించిన బుడ్డల (వేరుశనగల) వాసన గుప్పుమంది.

బాగా తేరిన నూనెలో మడ్డి లేకపోవచ్చు, దాన్ని వదిలేద్దాం. నురగ సంగతి వేరు. గానుగ నూనెలో గింజలోని జిగురు మిగిలి ఉంటుంది కాబట్టి మొదటి వాయికి నురగ వస్తుంది. రిఫైనరీలో ఆ జిగురును తీసేస్తారు. పచ్చి విత్తనాలు ఆడిన నూనెకు వాసన లేతగానే ఉంటుంది. ఘాటుగా ఉందంటే విత్తనాలు వేయించి ఆడారు, లేదా ఎసెన్స్ కలిపారు.

అన్నిటికంటే గట్టి పరీక్ష లెక్కే. విత్తనాల్లో నూనె సుమారు 48 శాతం ఉన్నా, గానుగలో దిగేది దాదాపు 40 శాతం. మిగతాది చెక్కలో ఉండిపోతుంది, అది ఎనుములకు పోతుంది. లీటరు నూనె తూకం 910 గ్రాములు. మడ్డి పోను 5 లీటర్లు చేతికి రావాలంటే 12 కిలోల విత్తనాలు పడతాయి, అంటే కాయల్లో సుమారు 17 కిలోలు. విత్తనాలు కిలో 130 రూపాయలు అనుకుంటే లీటరుకు వాటికే 312. చెక్క అమ్మితే ఒక 50, 60 తిరిగొస్తాయి. కరెంటు, కూలి, డబ్బా ఖర్చు ఇంకా కలపనే లేదు. అలాంటప్పుడు ఆ అంగట్లో లీటరు 220కి 'స్వచ్ఛమైన గానుగ నూనె' ఎక్కడి నుంచి వస్తుంది? గానుగల లెక్కా చూడండి. 14 కిలోల వాయికి గంట పడుతుంది, వచ్చేది ఆరు లీటర్లు. ఒక్క గానుగతో రోజంతా ఆడినా 60 లీటర్లు దాటడం కష్టం. దానికి రెండింతలు అమ్ముతుంటే మిగతా సరుకు ఏ ట్యాంకరులోదో అడగండి.

ఫ్రిజ్‌లో పెట్టి చూసే చిట్కాను నమ్మొద్దు. పామాయిల్ ముందుగా గడ్డకడుతుంది, నిజమే. కానీ అసలు శనగనూనె కూడా ఆ చలికి మబ్బుపట్టి చిక్కబడుతుంది. ఈ చిట్కాతో మంచి గానుగవాడిని దొంగ అనేసే ప్రమాదమే ఎక్కువ. కల్తీ తేల్చాలంటే ల్యాబ్‌లో బెల్లియర్ టెస్ట్ (ద్రావకంలో కలిపిన నూనె చల్లారుతూ ఎన్ని డిగ్రీల దగ్గర మబ్బుపడుతుందో చూసే పరీక్ష) చేయించాలి. స్వచ్ఛమైన శనగనూనెకు అది 39 నుంచి 41 డిగ్రీల మధ్య రావాలి.

కల్తీ లేకపోయినా ఇంకో ముప్పుంది. చవకగా దొరికే పుచ్చు, బూజు విత్తనాలు ఆడేస్తారు. బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం రిఫైనింగ్‌లో చాలావరకు పోతుంది, గానుగ నూనెలో, ముఖ్యంగా మడ్డితో పాటు, మిగిలిపోతుంది. కోతల వేళ వానలు పడిన ఏడు ఈ బెడద ఎక్కువ. బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి చూడండి. ముడతపడినవి, నల్లబడినవి, చేదువి ఉంటే వెనక్కి వచ్చేయండి.

నిజంగా మన రైతు పంటే తినాలనుకుంటే దారి ఒక్కటే. కదిరి-6 లాంటి మన రకం ఎండిన కాయలు నేరుగా రైతు దగ్గర కొని, ఒలిపించి, చెడ్డవి ఏరేసి, 12 కిలోలు గానుగకు తీసుకెళ్లి ఎదురుగా నిలబడి ఆడించుకోండి. ముందు ఆడిన వేరే నూనె గానుగలో మిగల్లేదని చూసుకోండి. చెక్క అంటుకోవడానికి కాస్త నీళ్లు చల్లడం మామూలే. ఎక్కువ పోస్తే నూనెకు తొందరగా ముక్కిన వాసన వస్తుంది. నూనెను స్టీలు పాత్రలో మూడు, నాలుగు రోజులు కదపకుండా తేరనిచ్చి, పైది వంచుకుని, మడ్డి పారేయండి. చెక్క అడిగి తెచ్చుకోండి, అది మీదే.

ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా, బిల్లు పారేయకండి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, ప్యాక్ చేసిన తేదీ, బరువు ఉన్నాయో లేదో చూడండి. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు కూడా ఫీజు కట్టి శాంపిల్ పరీక్ష చేయించుకోవచ్చు, కానీ ఆ సంగతి కొనేటప్పుడే అంగడివాడికి చెప్పాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.