పాత స్కీ బోటు స్టీరింగ్: కేబుల్ ఒక్కటే మారిస్తే చాలా, హెల్మ్‌తో సహా మార్చాలా?

పాత ఇన్‌బోర్డ్ (ఇంజిన్ లోపలే ఉండే) స్కీ బోటులో, అంటే నీటి మీద స్కీయర్‌ను లాగే బోటులో, చక్రం తిప్పడానికి రెండు చేతుల బలమూ కావాల్సి వస్తోందంటే, కొత్త సామాన్లు తెప్పించే ముందు వెనక్కి వెళ్లి రడ్డర్ (చుక్కాని) మీది మూత తీయండి. టిల్లర్ ఆర్మ్‌కు (రడ్డర్‌ను తిప్పే కడ్డీకి) కేబుల్‌ను పట్టి ఉంచే బోల్టు విప్పి, ఆర్మ్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. తేలిగ్గా కదిలితే తప్పు కేబుల్‌ది గానీ హెల్మ్‌ది (చక్రం వెనక ఉండే గేరు భాగానిది) గానీ. చేత్తోనూ కదలకపోతే స్టీరింగ్‌ది తప్పేమీ లేదు, రడ్డర్ షాఫ్టే పట్టేసింది. గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్టు చుట్టూ నీరు లోపలికి రాకుండా ఆపే తాడు చుట్లు) ఎండిపోయి ఉంటుంది, లేదా బుష్‌లో గ్రీజు గట్టిపడి ఉంటుంది, లేదా ఎక్కడో నేల తగిలి షాఫ్టు వంగి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి ఎంత ఖరీదైన స్టీరింగ్ బిగించినా బిగుతు పోదు.

ప్యాకింగ్ పని బోటు ట్రెయిలర్ మీద ఉన్నప్పుడే చేయాలి. పాత చుట్లను కొక్కెంతో మొత్తం లాగేసి, అదే మందం ఉన్న కొత్త ప్యాకింగ్‌ను చుట్టుచుట్టుగా కోసి, అతుకులు ఒకదాని కింద ఒకటి పడకుండా వేయాలి. ప్రొపెల్లర్ షాఫ్టు గ్లాండ్ నుంచి చుక్కలు పడటం మామూలే. రడ్డర్ గ్లాండ్ నుంచి మాత్రం పడకూడదు.

రడ్డర్ బాగానే ఉందనుకుందాం. అందరికీ ముందు తోచేది కేబుల్ ఒక్కటే మార్చడం. ఖర్చూ తక్కువే, డాష్‌బోర్డును కోయక్కర్లేదు. కేబుల్ విప్పేశాక హెల్మ్ గరగర లేకుండా తిరుగుతూ, చక్రంలో ఆట (వదులు) లేకపోతే ఇది సరైన నిర్ణయమే. కానీ రోటరీ రకం (గుండ్రటి) హెల్మ్ అయితే కేబుల్ లోపలి తీగకు స్క్రూలా చుట్ట ఉంటుంది, ఆ చుట్ట హెల్మ్ గేరు పళ్లలో పడి నడుస్తుంది. రెండూ కలిసే అరుగుతాయి. అరిగిన గేరుకు కొత్త తీగ ఎక్కిస్తే ఆట అలాగే ఉంటుంది, కొత్త తీగ కూడా త్వరగా పాడవుతుంది. పదిహేను ఇరవై ఏళ్ల సెట్టయితే రెండూ కలిపి మార్చడమే మేలు.

పట్టేసిన కేబుల్‌లో నూనె పోసి బతికించాలని చూడకండి. వెనక చివర నుంచి నీరు చేరి లోపల తుప్పు పడుతుంది. పై తొడుగు మీద చేయి పెట్టి నిమిరితే ఒకచోట ఉబ్బు తగులుతుంది, లేదా సన్నగా పగిలి ఎర్రటి గీత కనిపిస్తుంది. అది కనిపించిన కేబుల్ ఎప్పుడైనా మధ్యలో ఆగిపోవచ్చు. స్కీయర్‌ను లాగుతున్నప్పుడు ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సెట్టు మార్చేటప్పుడు అసలు ప్రశ్న రాకా, రోటరీయా అన్నది. రాక్ హెల్మ్‌లో పళ్ల కడ్డీ డాష్ వెనక అడ్డంగా కదులుతుంది, దానికి చోటు కావాలి. కానీ చేతికి స్పర్శ నేరుగా తెలుస్తుంది. రోటరీ గుండ్రంగా చిన్నగా ఉంటుంది, ఇరుకు డాష్‌లోనూ సులువుగా పడుతుంది. బోటులో ఇప్పుడున్నది రాక్ అయి, దాని చోటు బాగానే ఉంటే రాకే వేయండి. మారిస్తే డాష్ రంధ్రాలు కుదరవు, కేబుల్ పొడవూ మారుతుంది. హెల్మ్ మీద టెలిఫ్లెక్స్ అని ఉంటే, ఆ సరుకు తర్వాత సీస్టార్ పేరుతో, ఇప్పుడు డొమెటిక్ కింద వస్తోంది. ఒక కంపెనీ హెల్మ్‌కు మరో కంపెనీ కేబుల్ వేయాలంటే, ఫలానా నంబరుకు బదులు అని వాళ్లే రాసిస్తేనే నమ్మండి.

పొడవు విషయంలో తొడుగు మీద అచ్చేసిన నంబరే అన్నిటికన్నా నమ్మదగ్గది. అది చెరిగిపోతే తొడుగు పొడవు కొలవండి. మామూలు కేబుళ్లలో రోటరీకి 18 అంగుళాలు, రాక్‌కు 30 అంగుళాలు కలిపి, పై అడుగుకు సవరించాలి. తొడుగు 148 అంగుళాలుంటే రోటరీకి 166, అంటే 14 అడుగుల కేబుల్. అదే రాక్ అయితే 178, అంటే 15 అడుగులది.

ఇక నో ఫీడ్‌బ్యాక్ హెల్మ్. ఇందులో రడ్డర్ నుంచి వచ్చే ఒత్తిడిని ఒక క్లచ్ అడ్డుకుంటుంది, చక్రం వదిలినా బోటు దారి మారదు. ఒకటే ప్రొపెల్లర్ ఉన్న ఇన్‌బోర్డ్ బోటు ఒక పక్కకు లాగడం సహజం, దానితో చేతులు నొప్పెడతాయి కాబట్టి ఇది ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. సరదాగా తిరిగే బోటుకు బాగుంటుంది. స్లాలమ్ (బోయ్‌ల చుట్టూ మలుపులు తిరిగే స్కీ పోటీ) లాగే బోటుకు మాత్రం తొందరపడకండి. కోర్సులో బోటు గైడ్ బోయ్‌ల (బోటు దారిని చూపే తేలే గుర్తుల) మధ్య దారి 2.3 మీటర్లే. స్కీయర్ ప్రతి మలుపులోనూ బోటు వెనక భాగాన్ని పక్కకు లాగుతాడు, డ్రైవరు ఆ లాగుడును చేతుల్లో తెలుసుకుని క్షణంలో సర్దుకోవాలి. క్లచ్ ఆ స్పర్శను మింగేస్తుంది, పైగా మధ్యలో కాస్త ఖాళీ కూడా వదులుతుంది. కొన్ని మోడళ్లలో ఆ చివర నుంచి ఈ చివరకు 4.2 చుట్లు తిప్పాలి, స్లాలమ్‌కు అది మరీ నెమ్మది. లాగుడు మరీ ఎక్కువుంటే రడ్డర్ వెనక అంచును కాస్త కాస్తగా ఆకురాయితో రుద్ది సరిచేసే పద్ధతి ఉంది. మొత్తం పోగొట్టకండి, కొంచెం లాగుడు మిగిలితేనే ఆట ఒక పక్కకు ఒదిగి చక్రం గట్టిగా ఉంటుంది.

హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) స్టీరింగ్ ఈ బోట్లకు అనవసరం. సిలిండర్ ఘనపరిమాణాన్ని పంపు ఒక చుట్టుకు తోసే పరిమాణంతో భాగిస్తే చుట్ల సంఖ్య వస్తుంది, అది తరచూ నాలుగు దాటుతుంది. చక్రం నేరుగా ఉన్నప్పుడు రడ్డర్ కూడా నేరుగా ఉంటుందన్న హామీ ఉండదు. గాలి తీయడం, గొట్టాల లీకులు చూసుకోవడం అదనపు పని.

బిగించేటప్పుడు తప్పులు ఎక్కువగా జరిగేది కేబుల్ దారిలోనే. పాతదాన్ని బయటకు లాగే ముందు దాని చివర గట్టి తాడు కట్టండి, కొత్తది అదే తాడుతో లోపలికి వస్తుంది. వంపు వ్యాసార్థం ఎక్కడా 8 అంగుళాల కంటే తగ్గకూడదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్ పొగ బయటకు పోయే వేడి గొట్టానికి) ఆనుకోకుండా చూడండి, వేడికి తొడుగు పగులుతుంది. చక్రం ఊడకపోతే పుల్లర్ (చక్రాన్ని లాగి తీసే పనిముట్టు) వాడండి, షాఫ్టు మీద సుత్తితో కొట్టకండి.

కేబుల్ సగం కదలిక దగ్గర ఉన్నప్పుడు రడ్డర్ నేరుగా, టిల్లర్ ఆర్మ్ కేబుల్‌కు 90 డిగ్రీలలో ఉండాలి. చివర్లలో ఆపేది రడ్డర్ స్టాపులే కావాలి. కేబుల్ తన చివరకు చేరి ఆగుతోందంటే క్లాంపు జరిపి మళ్లీ సర్దండి. నైలాన్ లాక్ నట్లు ప్రతిసారీ కొత్తవి వేయండి. తొలి కొద్ది గంటలు నడిపాక టిల్లర్ దగ్గరి బోల్టునూ, కేబుల్ క్లాంపునూ పానాతో మరోసారి చూడండి.