పెళ్లి ఫొటోల వైట్ బ్యాలెన్స్: ఆటో, కస్టమ్, రా ఫైల్... ఏది మేలు?

ఫంక్షన్ హాల్లో ఒకే రకం వెలుతురు ఎక్కడా ఉండదు. స్టేజీ మీద వార్మ్ ఎల్‌ఈడీలు 3000 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత; అంకె తగ్గేకొద్దీ నారింజ, పెరిగేకొద్దీ నీలం) దగ్గర ఉంటే, భోజనాల దగ్గర ట్యూబులు 6500 దగ్గర ఉంటాయి. మన ఫ్లాష్ సుమారు 5500. ఆల్బంలో పెళ్లికూతురు ఒక పేజీలో నారింజ రంగులో, పక్క పేజీలో నీలంగా పాలిపోయి కనిపించడానికి కారణం ఇదే. ఈ తేడా సరిచేసి తెలుపును తెలుపుగా చూపించడమే వైట్ బ్యాలెన్స్. దానికి దారులు మూడున్నాయి: కెమెరాయే లెక్కగట్టే ఆటో, మనం ముందే కొలిచి పెట్టే కస్టమ్, సెన్సర్ పట్టిందంతా దిద్దకుండా దాచి తర్వాత సరిచేసుకోనిచ్చే రా ఫైల్. పెళ్లి ఫొటోలకు రా ఫైల్‌తో పాటు గ్రే కార్డే (ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్ట) మేలు. అయితే కస్టమ్ గెలిచే సందర్భాలూ ఉన్నాయి.

ఆటోతో అసలు చిక్కు రంగు తప్పడం కాదు, ఫ్రేముకో రకంగా తప్పడం. వెనక బంతిపూల డెకరేషన్ నిండుగా పడితే లైటే పసుపని కెమెరా పొరబడి నీలం కలుపుతుంది. రెండడుగులు ముందుకెళ్లి ముఖాలు మాత్రమే తీస్తే లెక్క మళ్లీ మారిపోతుంది. తలంబ్రాల ఫొటోలు వందుంటే వందా విడివిడిగా దిద్దుకోవాలి. ఆటోలోనే తీయాలనుకుంటే కానన్‌లో వైట్ ప్రయారిటీ, నికాన్‌లో ఆటో0 పెట్టండి. మామూలు ఆటో బల్బు వెలుగులోని పసుపును కొంత కావాలనే వదిలేస్తుంది.

కస్టమ్ అంటే ఆ వెలుతురులో తెలుపు ఏదో కెమెరాకు ముందే చూపించడం. 18 శాతం గ్రే కార్డును వధూవరులు కూర్చునే చోటే, వాళ్ల ముఖాల మీద పడే లైటే దాని మీదా పడేలా పట్టించాలి. ఫ్రేము మధ్యభాగం కార్డుతో నిండాలి. ఖాళీ కార్డు మీద ఆటోఫోకస్ దొరకదు, మాన్యువల్‌లో పెట్టి తీయండి. కానన్‌లో ఆ ఫొటోను మెనూలోని కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కు చూపించాక, మోడ్‌ను కూడా కస్టమ్‌కు మార్చాలి. చాలామంది ఈ రెండో పని మర్చిపోయి "పనిచేయట్లేదు" అంటారు. షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోక్ ఉన్న పాత ట్యూబు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/500లో ఆ మినుకులో ఒక ముక్కే దొరుకుతుంది, దాని రంగు వేరు.

వీడియో తీసేవాళ్లకు, ఆ రాత్రే జేపెగ్‌లు ఇచ్చేయాల్సినవాళ్లకు కస్టమే సరైనది. స్టేజీ సెట్టింగుతోనే భోజనాల హాల్లోకి వెళ్లారో, విస్తళ్లతో సహా అంతా నీలం. జేపెగ్‌లో దాన్ని వెనక్కి తేవడం కష్టం: ఒక్కో రంగుకు 8 బిట్లే ఉంటాయి, పైగా వార్మ్ లైట్లో ఎరుపు ముందే హద్దు దాటి వివరం పోగొట్టుకుని ఉంటే ఆ చర్మపు వివరం ఇక రాదు.

రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్ ఒక అంకెగా మాత్రమే నమోదవుతుంది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నాణ్యత పోదు. లైటు మారిన ప్రతిచోటా కార్డుతో ఒక్క ఫ్రేము తీసుకోండి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ నొక్కి కార్డు మీద క్లిక్ చేసి, అదే సవరణను ఆ వరస మొత్తానికి సింక్ చేస్తే సరి. కార్డు లేదని పెళ్లికొడుకు పంచె మీద క్లిక్ చేస్తారు చూడండి, కొంప ముంచేది అదే. నీలిమందు పెట్టిన పంచె కాస్త నీలంగా ఉంటుంది, సాఫ్ట్‌వేరు దాన్ని తెల్లగా చేయబోయి ముఖాలను పసుపు చేస్తుంది. పసుపు పెట్టిన అంచు మీద క్లిక్ చేస్తే సరిగ్గా తిరగబడి ముఖాలు నీలమవుతాయి. తెల్ల కాగితమూ నమ్మకం కాదు, అందులో మెరుపు కోసం కలిపే రసాయనం ఫ్లాష్ పడగానే నీలంగా వెలుగుతుంది.

టెంప్ (నీలం-పసుపు) స్లైడర్ ఒక్కటే జరిపి సరిపెట్టుకోవద్దు. ట్యూబుల కింద ఆకుపచ్చ ఛాయ వస్తుంది, అది టింట్ (ఆకుపచ్చ-మెజెంటా) స్లైడర్‌ను మెజెంటా వైపు జరిపితేనే పోతుంది. ముందు టెంప్, తర్వాత టింట్, చివర్లో మళ్లీ టెంప్ ఒకసారి చూసుకోండి. పసుపు కొట్టే వేడుకలో మాత్రం చర్మం నిజంగానే పసుపుగా ఉంటుంది, దాన్ని పోగొట్టాలని చూస్తే మనుషులు బూడిద రంగుకు తిరుగుతారు.

రెండు రకాల లైట్లు ఒకే ఫ్రేములో పడితే ఈ మూడూ చేతులెత్తేస్తాయి. ఫ్లాష్ పడ్డ ముఖాలు సరిచేస్తే వెనక మండపం నారింజ అవుతుంది, మండపం సరిచేస్తే ముఖాలు నీలమవుతాయి. ఇక్కడ పని లైటు దగ్గరే జరగాలి: ఫ్లాష్‌కు ఫుల్ సీటీఓ జెల్ (వెలుగును నారింజగా మార్చే పలచని రంగు షీటు) అంటించి కెమెరాను 3200 కెల్విన్‌లో పెట్టండి. ఫ్లాష్ వెలుగు ఒక స్టాప్‌కు (అంటే సగానికి) కాస్త తక్కువగా తగ్గుతుంది, ఆ మేరకు పవర్ పెంచుకోవాలి. జెల్ లేకపోతే లైట్‌రూమ్‌లో మండపానికి విడిగా మాస్క్ వేసి టెంప్ తగ్గించవచ్చు, కానీ జుట్టు అంచుల దగ్గర అతుకు కనిపిస్తుంది. డీజే నీలం లైట్లలో తీసిన సంగీత్ ఫొటోలకు ఏ స్లైడరూ పనికిరాదు. ఆ వెలుతురులో ఎరుపే దాదాపు ఉండదు, లేని రంగును పెంచితే మచ్చలే మిగులుతాయి. అక్కడ ఫ్లాష్ కొట్టి ముఖాలను కాపాడుకోవాలి, లేదంటే ఆ ఫ్రేములు బ్లాక్ అండ్ వైట్ చేసేయాలి.