పెద్ద ఆపరేషన్ మచ్చ: సిలికాన్ పట్టీ, చేతి మర్దన రెండూ వాడి చూశాక

మచ్చ మీద అంటించే సిలికాన్ పట్టీ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందుగా ఒక్క మాట. మచ్చ ఎత్తుగా, ఎర్రగా ఉండి దురద పెడుతుంటే కొనండి. లోపల పట్టేసినట్టు, లాగుతున్నట్టు ఉంటే మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ బాధకు నాకు పనికొచ్చింది చేత్తో చేసుకునే మర్దన. ఈ తేడా చెప్పేవాళ్లు లేక ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బాలింతలు కనిపించిన క్రీమల్లా కొంటున్నారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

నాది కాన్పు కోసం పొత్తికడుపు కింద అడ్డంగా కోసిన ఆపరేషన్, అంటే సిజేరియన్. కుట్లు బాగానే మానాయి, చీము పట్టలేదు. అయినా నెలలు గడిచేకొద్దీ మచ్చ కుడి చివర గట్టిపడి పైకి తేలింది. లంగా బొందు దానికి పైన పడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు, లోదుస్తుల ఎలాస్టిక్ మాత్రం సరిగ్గా దాని మీదే ఒరుసుకునేది. కత్తిపీట ముందు నుంచి లేచినా, తుమ్మినా, పక్కకు తిరిగి పాపకు పాలిచ్చినా లోపలి నుంచి ఎవరో పట్టి గుంజినట్టుండేది. మచ్చకు పైన అరచేయంత మేర స్పర్శే లేదు. "పెద్ద ఆపరేషన్ అయ్యాక ఇవన్నీ ఉండేవే, ఓర్చుకో అమ్మా" అని అత్తయ్య అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ తగ్గించుకునే దారి ఉన్న బాధను ఓర్చుకోమనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆసుపత్రిలో ఇచ్చిన సూచనల కాగితం ఒడియాలో ఉంది, అందులోనూ మచ్చ గురించి ఒక్క ముక్క లేదు. చివరికి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లి ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాను. ఆవిడ ఓపిగ్గా తెలుగులో విడమరిచి చెప్పారు. కోత చర్మంతో ఆగదు. దాని కింద కొవ్వు, కండరాల మీది గట్టి పొర, పొట్ట లోపలి పొర, ఆపైన గర్భసంచి. కండరాలను సాధారణంగా కోయరు, పక్కకు జరుపుతారు. ఇవన్నీ మానేటప్పుడు కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ అడ్డదిడ్డంగా అల్లుకుని, ఒకదాని మీద ఒకటి జారవలసిన పొరలు అతుక్కుపోతాయి. గుంజుడు అక్కడిది. చర్మం మీద అంటించే పట్టీ అంత లోతుకు ఎలా పనిచేస్తుంది?

ఇక పట్టీ సంగతి. అందులో మందేమీ ఉండదు. మచ్చ మీది తేమ ఆవిరైపోకుండా ఆపుతుంది, దానివల్ల కొలాజెన్ అతిగా పేరుకోకుండా మచ్చ మెత్తబడుతుందని చెబుతారు. గాయం పూర్తిగా మూసుకుని పెచ్చులన్నీ రాలాకే మొదలుపెట్టాలి. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం 2, 3 నెలలు వాడాలి. మా ఊరి మెడికల్ షాపుల్లో అడిగితే ఆయింట్‌మెంట్లే చూపించారు, ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాను. ధర తక్కువేమీ కాదు. అయితే తేలికపాటి సబ్బుతో కడిగి, గాలికి ఆరబెట్టి మళ్లీ మళ్లీ అంటించుకోవచ్చు. మచ్చ కొలతకు కత్తిరించుకోవచ్చు కూడా.

నాకు ముందు దురద తగ్గింది. తర్వాత నెమ్మదిగా ఎత్తు దిగి, ఎలాస్టిక్ ఒరుపు తెలియకుండా పోయింది. రంగు మాత్రం ఇంకా పూర్తిగా కలవలేదు. అసలు కష్టం మన ఉక్కపోత. మే నెలలో అంచులు లేచిపోతాయి, కింద చెమటకాయలు వస్తాయి. అందుకని మధ్యాహ్నాలు తీసేసి, సాయంత్రం స్నానం చేసి ఒళ్లు బాగా ఆరాక అంటించి, మర్నాడు వంట మొదలుపెట్టే దాకా ఉంచుకునేదాన్ని. మరీ చెమట పట్టే రోజుల్లో ట్యూబులో వచ్చే సిలికాన్ జెల్‌కు మారాను. పలచగా రాసి ఆరనిస్తే చాలు. నూనె జిడ్డు ఉన్న చర్మానికి పట్టీ అంటదు కాబట్టి మర్దన పొద్దున స్నానానికి ముందే చేసుకోండి.

మర్దన గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే నన్ను మామూలు మనిషిని చేసింది అదే. కాన్పు అయిన ఆరు వారాలకు డాక్టరు చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి. మొదట మచ్చ చుట్టూ, అలవాటయ్యాక మచ్చ మీదే రెండు వేళ్లు ఆనించి గుండ్రంగా, పైకీ కిందకీ, అటూ ఇటూ కదపాలి. వేళ్లు చర్మం మీద జారడం కాదు, చర్మమే కింది పొర మీద కదలాలి. కొన్నాళ్లకు మచ్చను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా ఎత్తి దొర్లించవచ్చు. సాగినట్టు తెలియాలి, పోటు పుట్టకూడదు. రోజూ 5 నిమిషాలు చాలు. ఎక్కడ కదలదో అక్కడే మీ లోపలి అతుకు. నాకు కుడి చివర కదలడానికే చాలా కాలం పట్టింది. ఇప్పుడు నేల మీద నుంచి పాపను ఎత్తుకుని లేస్తున్నాను, గుంజుడు లేదు.

కొబ్బరి నూనె అయినా నువ్వుల నూనె అయినా ఒకటే, పని చేసేది చేయి. విటమిన్ ఇ గుళికలు చిదిమి రాయడం నాకు ఇష్టం లేదు, దానివల్ల మచ్చ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు, కొందరికి దద్దుర్లు వస్తాయి. అమ్మ పాత నూలు చీరతో కట్టిన నడికట్టు తొలి రోజుల్లో దగ్గినప్పుడు ఎంతో ఆసరా ఇచ్చింది, మచ్చకు మాత్రం దానితో సంబంధం లేదు. స్పర్శ లేని చోట దూదితో, తర్వాత మెత్తని గుడ్డతో, ఆపైన తువ్వాలుతో రుద్దుకున్నాను. కోతలో సన్నని నరాలు తెగుతాయి, స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. నాకు సగానికి పైగా వచ్చింది, మచ్చ పక్కన కొంచెం మేర ఇంకా మొద్దుగానే ఉంది.

మచ్చ ఎర్రబడి వేడిగా ఉన్నా, నీరు కారినా, జ్వరం వచ్చినా మర్దన ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మచ్చ కోత హద్దు దాటి పక్కకు పాకుతుంటే అది కీలాయిడ్ కావచ్చు, చర్మవైద్యులు దానిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇంకొకటి, నెలసరి వచ్చినప్పుడల్లా మచ్చ దగ్గర గడ్డలా ఉబ్బి నొప్పి పెడితే గర్భసంచి లోపలి పొర కణాలు అక్కడ పెరుగుతుండవచ్చు. స్కానింగ్ చేయించుకోవాలి. దానికి పట్టీ, జెల్, మర్దన ఏవీ పనిచేయవు.